లోరెంజ్ పైబంతి అడిగాడు

పోయిన వారం మన బంతి పట్టేవాడు మార్టిన్ డెవనీని, బ్యాటువాడు నిలబడే తెల్లరాయి వెనక మట్టిలో కూలబడి ఉండగా వదిలి వచ్చాం. ఇంకా అక్కడే ఉన్నాడు, కుడిచెయ్యి పొట్టలో దాచుకుని. బ్యాటు అంచును గీసుకున్న బంతి దారి తప్పి అతని ఉంగరపు వేలిని ఎండుపుల్ల విరిచినట్టు విరిచింది. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా, పళ్ళు బిగించి, ఆ బ్యాటువాడు ఔటయ్యేదాకా నెట్టుకొచ్చాడు. ఔటయ్యాకే కూలబడ్డాడు.

ఆట ఎక్కడుందో కూడా చెప్పుకోవాలి. మన సెయింట్ లూయిస్ ఆకుపచ్చ మేజోళ్ళ జట్టూ, బఫెలో నల్లటోపీల జట్టూ ఊరూరా రైళ్ళలో తిరిగి చెరి మూడాటలు గెలుచుకుని, దేశంలో మొనగాళ్ళెవరో తేల్చుకోడానికి మన ఊరి మైదానానికే వచ్చాయి. మనవాళ్ళు ఒక్క పరుగు ముందున్నారు. బఫెలోకి ఇదే ఆఖరి విడత. ఇద్దరు ఔటు. మూడో బేసు మీద ఒకడు ఇంటికి, అంటే ఆ తెల్లరాయికి, ఉరకడానికి కాలు దువ్వుతున్నాడు. ఇప్పుడు బ్యాటు పట్టుకుని రావలసినవాడు లోరెంజ్ హాఫ్నర్, బఫెలో కెప్టెను.

ఒకప్పుడు మన లోరీ.

ఆ పేరు ఈ ఊళ్ళో ఇప్పుడు ఎవరూ ముద్దుగా పలకరు. బీరు కాచే జర్మన్ల సందుల్లో పుట్టినవాడు అతను. కెర్రీ పాచ్‌లో, ఐరిష్ కూలీల గుడిసెల్లో పుట్టినవాడు మార్టిన్. అతను విసరడం, ఇతను రాయి వెనక నిలబడి పట్టడం. ఒకే కాడి కింద పెరిగిన జోడెడ్లలా ఉండేవారు. అతనికి ఇంగ్లీషు అంతంత మాత్రం, ఇతనికి జర్మన్ శూన్యం. ఏం లోటు వచ్చింది? ఇతను గడ్డం గోక్కుంటే వంపు బంతి, టోపీ సర్దుకుంటే నేరు బంతి. మాటలు వచ్చిన మొగుడూ పెళ్ళాలకి అంత పొత్తు కుదరదు.

నాలుగు శీతాకాలాల కిందట లోరెంజ్ ఒక్క మాటైనా చెప్పకుండా బఫెలో రైలెక్కాడు. ఆ మర్నాడు పొద్దున మార్టిన్ ఎప్పట్లాగే కసాయి కొట్టు ముందు అతని కోసం నిలబడ్డాడు. చేతితొడుగులో దట్టించుకోడానికి పలచటి గొడ్డుమాంసం ముక్క ఇద్దరూ కలిసే కొనేవారు మరి. "మీవాడు వెళ్ళిపోయాడటగా," అన్నాడు కసాయి. అంతే, అలా తెలిసింది. అప్పట్నించి ఎందరో విసిరేవాళ్ళు వచ్చారు, పోయారు. కొందరు లోరెంజ్ కంటే మంచివాళ్ళే. కానీ ఎవరి బంతి వచ్చి పడినా అది లోరీది కాదని మార్టిన్ అరచేతికి తెలిసిపోయేది.

మన కెప్టెను అబ్నర్ ప్రౌట్ మొదటి బేసు దగ్గర్నించి పరుగున వచ్చాడు.

"చూపించు."

"ఏముంది చూడ్డానికి? చెయ్యి. దానికి వేళ్ళు."

"నీ కడుపు కాలా, చూపించవయ్యా!"

చూపించాడు. ఉంగరపు వేలు పక్కకి తిరిగిపోయి, దారి అడుగుతున్న పరదేశిలా ఉంది. మాంసం ముక్క నెత్తురూ మనిషి నెత్తురూ కలిసిపోయి, ఏది ఎద్దుదో ఏది ఐరిష్‌వాడిదో తెలియట్లేదు.

"లే. క్విన్‌ని దించుతాను," అన్నాడు ప్రౌట్. క్విన్ అంటే మన రెండో పట్టేవాడు. ఈ ఆటలన్నింటా బల్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నవాడు. "వాడి చేతులు పెళ్ళికూతురి చేతుల్లా ఉన్నాయి."

"ఒక్కడయ్యా! ఈ ఒక్కడు ఔటైతే ఇంటికి పోతాం."

"ఆ ఒక్కడి దగ్గర నువ్వు ఒక్క బంతి జారవిడిచావంటే మూడో బేసువాడు వచ్చి నీ ఒళ్ళో కూర్చుంటాడు. లెక్క సమానం. అప్పుడు ఊళ్ళో నీ ఇల్లూ నా ఇల్లూ రెండూ తగలబెడతారు."

అయితే ప్రౌట్ తలుచుకోగానే మనిషిని మార్చడానికి లేదు. ఆట మధ్యలో కొత్తవాడు దిగాలంటే అవతలి కెప్టెను వచ్చి, దెబ్బ కళ్ళారా చూసి, సరేననాలి. అతను కాదంటే విరిగిన చేత్తోనే ఆడాలి. అంపైరు డాసెట్, పెద్ద మీసాలూ చిన్న ఓపికా ఉన్న మనిషి, వేలితో లోరెంజ్‌ని పిలిచాడు.

లోరెంజ్ బ్యాటు భుజాన వేసుకుని వచ్చాడు. రెండు పక్కల బల్లల మీద జనం ఊరుకుంటారా.

"ఒరే లోరీ! మీ అమ్మ ఇంకా ఈ ఊళ్ళోనే ఉందిరా, ఎరుగుదువా?"

"ఆవిడకి ఎరుకే, పాపం! వీడికే లేదు!"

"నిలబడ్డ చోట నిలబడవయ్యా, కాళ్ళు చూడనీ! నల్లటోపీలు కాళ్ళక్కూడా తొడుగుతారా?"

అతను తలెత్తలేదు. బ్యాటు మట్టిలో పడేసి మార్టిన్ చెయ్యి అందుకున్నాడు. రెండు చేతులతో అందుకున్నాడు, గూట్లోంచి జారిపడ్డ పిట్టను తీసినట్టు. ఆటలన్నిట్లో ఇద్దరూ ఇంత దగ్గరికి రావడం ఇదే. మార్టిన్‌కి అతని మెడ దగ్గర చెమట వాసన తగిలింది. పొగాకు, సబ్బు. సబ్బు మారలేదు. ఇన్నేళ్ళు ఆ ముక్కు దేనికోసం వెతుకుతోందో అప్పుడు తెలిసింది.

లోరెంజ్ బొటనవేలితో ఆ కణుపులు ఒక్కొక్కటే తడిమాడు.

"ఇది నాదే," అన్నాడు చూపుడువేలి మొద్దు కణుపు మీద ఆగి.

"నీదే. పిట్స్‌బర్గ్‌లో, వానలో నువ్వు విసిరిన బంతి."

"ఇది?"

"అదీ నీదే."

"చిటికెనవేలు?"

"అది నీది కాదు. లూయీవిల్ కుర్రాడెవడో. అన్నీ నీవేనని గర్వపడకు."

లోరెంజ్ మూతి ఒక పక్కకి వంగింది. నవ్వాడో, నవ్వు మింగాడో.

"పెళ్ళిచూపులా ఇవి?" ప్రౌట్ గొంతు లేచింది. "వేలు విరిగిందా లేదా? ఒప్పుకుంటావా లేదా?"

"విరిగింది," అన్నాడు లోరెంజ్. ఒప్పుకునేలాగే ఉన్నాడు. మెడ ఊపబోయాడు.

"ఒప్పుకోకు," అన్నాడు మార్టిన్. పెదవులు కదలకుండా.

లోరెంజ్ చూశాడు.

"ఒప్పుకోకురా, లోరీ. వచ్చే ఏడు ఈ చేతుల్ని చూసి ఎవడు పిలుస్తాడు నన్ను? ఇటుకలు మొయ్యాల్సిందే. ఇవాళ్టితో సరి. నన్ను తీసుకెళ్ళి ఆ దుప్పటి కింద కూర్చోబెట్టకు." ఎడమచేత్తో అతని మణికట్టు పట్టుకున్నాడు. "నువ్వు రాయి దగ్గర నిలబడి ఉంటే వెనకాల నేనుండాలి. ఇంకోడు కాదు."

పుట్టినప్పటి నుంచీ మార్టిన్ ఎవరినీ ఏదీ అడిగినవాడు కాడు. కెర్రీ పాచ్‌లో అడిగితే దొరికేవి తన్నులే. అలాంటివాడు తన కెప్టెను పక్కనే నిలబడి, పగవాడి కెప్టెను చెయ్యి పట్టుకుని, తన జట్టుకే నష్టమయ్యే కోరిక కోరాడు. ప్రౌట్ అంపైరుతో వాదులాడుతూ వినలేదు. వింటే ఏమయ్యేదో.

లోరెంజ్ ఆ చెయ్యి మెల్లగా వదిలాడు. అంపైరు వైపు తిరిగి, అందరికీ వినపడేట్టు అన్నాడు:

"ఒప్పుకోను."

బఫెలో బల్ల ఎగిరి గంతేసింది. "అదీ మా కెప్టెను బుర్ర! చేవచచ్చినవాణ్ణే ఉంచండి!" అని టోపీలు విసిరారు. మనవాళ్ళ వైపు నుంచి బీరు గ్లాసొకటి గాల్లో తిరుగుతూ వచ్చి పడింది. ప్రౌట్ ఉమ్మేశాడు. "ఒక కంచంలో తిన్నవాడి వేలు విరిగితే పండగ చేసుకుంటావు! నువ్వూ ఒక మనిషివేనా?"

లోరెంజ్ బ్యాటు తీసుకుని మట్టి దులుపుకున్నాడు. ఊరంతా తనని కసాయివాడనుకుంటుంటే అనుకోనిచ్చాడు.

ప్రౌట్ జేబురుమాలు చింపి విరిగిన వేలిని పక్కవేలికి జతచేసి కట్టాడు. మార్టిన్ ముఖానికి తీగల ముసుగు దించుకుని రాయి వెనక వంగాడు. మూడో బేసు మీద మనిషి ఉండగా దూరంగా నిలబడి బంతి గెంతాక పట్టుకుందామంటే కుదరదు. బ్యాటు గాలి మొహానికి తగిలేంత దగ్గరగా నిలవాలి. ఈ ఆటలన్నిట్లో దూరం నుంచే చూసిన లోరెంజ్ వీపు, నాలుగేళ్ళ తర్వాత, అతనికి చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. పొద్దు వాలుతోంది. నది వైపు నుంచి బొగ్గు పొగ వచ్చి మైదానం మీద మసగ్గా పరుచుకుంది.

అంపైరు అడిగాడు. బ్యాటు పట్టినవాడు బంతి ఎక్కడికి రావాలో ముందే చెప్పుకోవాలి, నడుముకి పైనా, కిందా అని. చెప్పినచోటికే విసరాలి. అలా వచ్చినదాన్ని కొట్టకుండా వదిలినా, ఊపి తప్పినా ఒక స్ట్రైకు, మూడైతే ఔటు. ఒకసారి చెప్పాక మళ్ళీ మార్చుకోడానికి లేదు.

"పైనా? కిందా?"

లోరెంజ్ హాఫ్నర్ కింది బంతి మొనగాడు. మోకాలి ఎత్తులో వచ్చిందా, కంచె అవతల వెతుక్కోవలసిందే. పాలమ్మే ముసలమ్మలకు కూడా తెలుసు ఆ సంగతి.

"పైన," అన్నాడు లోరెంజ్.

బఫెలో బల్ల మీద నవ్వులు తెగినట్టు ఆగిపోయాయి. అంపైరు మీసం దువ్వుకున్నాడు. "ఏమన్నావ్?"

"పైన. చెవుడా?"

మార్టిన్‌కి ముసుగు లోపల మొహం కాలిపోయింది. కింది బంతి అయితే వేళ్ళు నేలకు దించి మట్టిలోంచి తోడుకోవాలి. విరిగిన వేలు ఇక ఉండదు. పైబంతి అరచేతుల మీదికి నేరుగా వస్తుంది.

"నా మీద జాలా?" అన్నాడు ఆ వీపుతో.

"పైబంతి కొట్టడం నేర్చుకున్నాలే."

"ఎక్కడ? బఫెలో మంచులోనా? ఈ ఆటలన్నిట్లో నువ్వు పైబంతి ఒక్కటి ముట్టలేదు. వెనకాల కూర్చుని చూస్తున్నది నేనే కదా."

"నోరు ముయ్యి, మార్టీ. బంతి వస్తోంది."

మన విసిరేవాడు క్విగ్లీ, ఒళ్ళంతా బలమే, తలలో తక్కువ. ఒళ్ళు విరుచుకుని వదిలాడు. లోరెంజ్ ఊపాడు, తగల్లేదు. బంతి మార్టిన్ చేతుల్లో పడింది. కళ్ళలో నిప్పురవ్వలు లేచాయి. అయినా వదల్లేదు. ఒక స్ట్రైకు. జనం పైకప్పు లేచిపోయేట్టు అరిచారు.

లోరెంజ్ భుజం ఉలిక్కిపడటం మార్టిన్ చూశాడు.

"ఏం, దడుచుకున్నావ్?"

"ఆ చప్పుడు."

"బంతి చప్పుడేగా."

"బంతి చప్పుడు నాకు తెలుసు. అది ఎముక."

రెండో బంతి. బ్యాటు అంచుకు తగిలి, దిక్కు మార్చుకుని, మార్టిన్ మణికట్టు మీద కొట్టి పక్కకి దొర్లింది. దానికి లెక్క లేదు, ఫౌలు. కానీ రుమాలు తడిసిపోయింది. అంపైరు బంతి తుడిచి క్విగ్లీకి అందించేలోపు కాస్త వ్యవధి దొరికింది. మార్టిన్ లేవలేదు. వంగినచోటే ఉండి అడిగాడు. ఇన్నేళ్ళూ గోడల్నీ, రైలు కిటికీల్నీ అడుగుతూ వచ్చిందే.

"ఎందుకు చెప్పకుండా పోయావు?"

"ఇక్కడా అడగడం?"

"ఇంకెక్కడ దొరుకుతావు?"

లోరెంజ్ రాయిని బ్యాటుతో తట్టాడు. ఎదటికే చూస్తూ అన్నాడు: "బఫెలోవాళ్ళు ఇద్దర్నీ అడిగారు. జోడీగానే. మన యజమాని సరేనన్నాడు కూడా. నిన్ను వద్దన్నది నేను."

క్విగ్లీ చెయ్యి లేచింది. బంతి వచ్చింది. లోరెంజ్ ఊపలేదు, మార్టిన్ చూడలేదు. చేతులే చూసుకుని పట్టుకున్నాయి, ఎన్నో ఏళ్ళుగా అదే పని చేస్తున్నవి కదా. "స్ట్రైకు! రెండు!" అంపైరు కేక వేశాడు. జనం బల్లలు గుద్దుతున్నారు. మార్టిన్‌కి అవేం వినపడలేదు. యజమాని పోనివ్వలేదేమో అనుకున్నాడు. డబ్బుకు ఆశపడ్డాడేమో అనుకున్నాడు. ఆడదెవరైనా ఉందేమో అని కూడా అనుకున్నాడు. ఇది మాత్రం అనుకోలేదు.

"నేనేం చేశానురా నీకు?"

"నువ్వేం చెయ్యలేదు. నేనే చెయ్యలేకపోయాను." లోరెంజ్ గొంతు తగ్గింది. "ఆఖరి ఏడాది నీకు గట్టిగా విసరలేదు మార్టీ. ఒక్క బంతీ విసరలేదు. వదిలే ముందు నీ వేళ్ళు కళ్ళబడేవి. మోచెయ్యి దానంతటదే వెనక్కి లాగేది. బ్యాటువాళ్ళంతా నా బంతుల్ని చితక్కొట్టారు. హాఫ్నర్ పనైపోయిందన్నారు."

మార్టిన్‌కి ఆ ఏడాది జ్ఞాపకం వచ్చింది. ఏడాది పొడుగునా ఒక్క వేలు విరగలేదు. తన చేతులు రాటుదేలాయని, ఇనప చేతులని, కనపడ్డవాడికల్లా చాపి చూపించాడు. ఎంత మురిసిపోయాడు!

"ఇంకొకడికైతే విసరగలను. కళ్ళు మూసుకుని విసురుతాను. వాడి చెయ్యేమైతే నాకేం?" అన్నాడు లోరెంజ్. "నువ్వు వెనకాల ఉంటే నా వల్ల కాదు. అది చెప్పడానికి అప్పట్లో నా దగ్గర అంత ఇంగ్లీషు లేదు."

"ఇప్పుడుందా?"

"ఇప్పుడూ లేదు."

"అమ్మలక్కలూ, మీ ముచ్చట్లయ్యాయా?" అన్నాడు అంపైరు వెనకనుంచి. "చీకటి పడుతోంది. ఆడండి."

ఇంకొక్క స్ట్రైకు. దాన్ని మార్టిన్ నేల తాకకుండా పట్టాలి. పట్టాడా, ఆట ముగిసింది. జారిందా, ఔటు లేదు, లోరెంజ్ మొదటి బేసుకి పరుగెత్తవచ్చు, మూడో బేసువాడు ఇంటికి రావచ్చు.

క్విగ్లీ వదిలాడు. ఛాతీ ఎత్తున, తిన్నగా, నిదానంగా. అడిగి వేయించుకున్నట్టు. పైబంతి కొట్టడం రానివాడు కూడా కొట్టగల బంతి.

లోరెంజ్ నడుం తిరిగింది. బ్యాటు కదిలింది. అంతలో అతని కన్ను ఒక్క రెప్పపాటు వెనక్కి జారింది, రక్తం కారుతున్న రుమాలు మీదికి. బ్యాటు అంచుకు తగిలితే బంతి ఎక్కడికి పోతుందో అతనికి తెలుసు. మోచెయ్యి వెనక్కి లాగింది. బ్యాటు గాల్లో సగంలో ఆగిపోయింది.

బంతి వచ్చి మార్టిన్ రెండు చేతుల మధ్య పడింది. నిలిచింది.

గెలిచాం. కానీ అరుపు లేచేలోపు, ఆ గుక్కెడు నిశ్శబ్దంలో, బఫెలో బల్ల మీంచి ఒక గొంతు తేటగా వినపడింది.

"అమ్ముడుపోయాడు! పుట్టిన ఊరికి అమ్ముడుపోయాడురా వీడు!"

అవును మరి, ఎవరైనా అదే అంటారు. కింది బంతి మొనగాడు పైబంతి అడిగాడు. ఆఖరి బంతికి బ్యాటు ఆపేశాడు. ఆట అమ్ముకున్నాడన్న పేరు పడ్డవాడికి ఈ దేశంలో మళ్ళీ ఏ మైదానంలోనూ అడుగుపెట్టే చోటుండదు. అంపైరు చెయ్యి భుజం దాకా లేచింది. నోరు ఇంకా తెరవలేదు.

మార్టిన్ చేతుల్లో బంతి వెచ్చగా ఉంది. అందులో దేశమంతటి గెలుపు ఉంది. అతను వేళ్ళు విప్పాడు.

బంతి మట్టిలో పడింది.

"పరుగెత్తరా లోరీ!" అని అరిచాడు మార్టిన్. "పరుగెత్తు!"

మూడో బేసువాడు పిడుగులా వచ్చి రాయి మీద కాలు వేశాడు. ప్రౌట్ బొబ్బలు పెడుతూ వస్తున్నాడు. లోరెంజ్ మొదటి బేసు వైపు చూడను కూడా చూడలేదు. బ్యాటు నేల మీద పెట్టి, వంగి, మట్టిలోంచి బంతి తీసి, చొక్కాకి తుడిచి, మార్టిన్ అరచేతిలో పెట్టాడు. విరిగిన వేలికి తగలకుండా, ఆనీ ఆనకుండా పెట్టాడు.

ఇద్దరూ అలాగే నిలబడ్డారు. ఒకడి చెయ్యి కింద, ఒకడి చెయ్యి పైన, మధ్య బంతి.

రెండు జట్లూ వచ్చి చుట్టుముట్టాయి. అంపైరు డాసెట్ మోచేతులతో అందర్నీ నెట్టుకుని లోపలికొచ్చాడు. తన కంటికి అందనిది ఆటగాణ్ణే అడగవచ్చు అంపైరు, ఆ మాట మీదే తీర్పు చెప్పవచ్చు. జారిందంటే బఫెలోకి పరుగు, లెక్క సమానం, వదిలానంటే పట్టినట్టే, గెలుపు మనది, అమ్ముడుపోయాడన్న పేరు లోరెంజ్‌ది. చూపు మార్టిన్ ముసుగు తీగల వెనక్కి గుచ్చి, ఒక్కో మాటా విడదీసి అడిగాడు.

"డెవనీ. ఆ బంతి నీ చేతిలోంచి జారిందా? నువ్వే వదిలావా?"